నేల మీద నలభై నిమిషాలు

విమానం వచ్చి బే దగ్గర ఆగాక, తర్వాతి ప్రయాణానికి దాన్ని వెనక్కి నెట్టేలోపు జరిగే పనులన్నిటినీ కలిపి టర్న్‌అరౌండ్ అంటారు. ప్రయాణికుడికి అది కిటికీలోంచి కనబడే హడావిడి, ఎయిర్‌లైన్‌కి లాభనష్టాల లెక్క, సామాన్లు మోసే లోడర్‌కి నడుము నొప్పి. యాభై ఏళ్లుగా దీని మీద నడుస్తున్న వాదన మూడు పాయలుగా చీలి, ఇప్పుడు ఒకదాంతో ఒకటి చిక్కుపడి ఉంది. ఎంత తొందరగా ముగించవచ్చు అన్నది మొదటి పాయ. సొంత మనుషులతో చేయించాలా, కాంట్రాక్టుకి ఇచ్చెయ్యాలా అన్నది రెండోది. మనిషి చేతిలోంచి తీసి యంత్రానికీ కెమెరాకీ ఎంత అప్పగించవచ్చు అన్నది మూడోది. మూడు పాయల్లోనూ నిజం కొంత ఉంది. అయితే ఇన్నాళ్లుగా పోగుపడ్డ ఆధారాలను పక్కపక్కన పెట్టి చూస్తే, గడియారంలోనో జీతం ఇచ్చేవాడి పేరులోనో జవాబు వెతకడం దండగ అనిపిస్తుంది. ఆలస్యాలైనా ప్రమాదాలైనా ఎక్కువగా పుట్టేది పని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారే అతుకు దగ్గర. ఆ అతుకుని ఎవరు కాపాడుతున్నారు, ‘ఆపండి’ అనే హక్కు అక్కడ ఎవరికుంది అన్నదే అసలు ప్రశ్న.

బే దగ్గర జరిగేది

ఎయిర్‌బస్ ఏ320నే తీసుకుందాం. శంషాబాద్‌లోనూ గన్నవరంలోనూ తరచు కనబడే రకమే ఇది. ముక్కు చక్రం గీత మీద ఆగగానే ఎవరూ దాని దగ్గరికి పరుగెత్తకూడదు. ఇంజన్లు ఆగాలి, వీపు మీదా పొట్ట కిందా మెరిసే ఎర్ర బీకన్ ఆరిపోవాలి. ముందుగా చక్రాలకి చాక్స్ అనే అడ్డుదిమ్మలు పడతాయి, తర్వాత రెక్కల కొసల దగ్గరా ఇంజన్ల ముందూ కోన్లు నిలబడతాయి, ఆ తర్వాతే బండ్లు దగ్గరికొస్తాయి. ప్రయాణికులు దిగేదీ ఎక్కేదీ ఎడమ పక్క. సామాన్ల హోల్డు తలుపులూ, క్యాటరింగ్ లారీ ఆనుకునే తలుపులూ, ఇంధనం పట్టే చోటూ కుడి పక్క. మనుషుల దారికి సరుకు అడ్డం రాకుండా విమానం గీసినప్పుడే చేసిన ఏర్పాటు ఇది. తోక వైపు మరుగుదొడ్ల ట్యాంకు ఖాళీ చేసే బండి ఒకటి, మంచినీళ్ల బండి ఒకటి వేర్వేరుగా రావాలి. ఒకే మనిషి రెండు గొట్టాలూ పట్టుకోకూడదన్న నియమం ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు. పైన క్యాబిన్‌లో శుభ్రం చేసేవాళ్లు వరస వరసా తుడుచుకుంటూ వస్తుంటే, కింద పైలట్ ఒకరు విమానం చుట్టూ తిరిగి టైర్లూ, గొట్టాలూ, సెన్సార్లూ కంటితో చూసుకుంటారు.

ఈ పనుల్లో కొన్ని పక్కపక్కనే సాగుతాయి, కొన్ని ఒకదాని వెనక ఒకటి నిలబడక తప్పదు. ఆఖరి ప్రయాణికుడు దిగితే గాని శుభ్రం చెయ్యడం పూర్తి కాదు, అది కాకుండా కొత్తవాళ్లని ఎక్కించలేరు. ప్రయాణికులు లోపల ఉండగా ఇంధనం పట్టాలంటే సీటు బెల్టులు విప్పి ఉండాలి, బయటికి పోయే దారులకి అడ్డం ఉండకూడదు. ఎక్కినవాళ్ల లెక్కా పెట్టెల లెక్కా తేలితేనే ఏ హోల్డులో ఎంత బరువుందో చెప్పే లోడ్ షీట్ వస్తుంది, అది పైలట్ చేతికి అందితేనే తలుపు పడుతుంది. చెకిన్ అయినవాడు ఎక్కకపోతే వాడి పెట్టె వెతికి దించాల్సిందే. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా 182 విమానంలో పేలిన బాంబు, యజమాని ఎక్కని పెట్టెలో వచ్చింది. ఆ 329 ప్రాణాల తర్వాతే ప్రయాణికుడికీ పెట్టెకీ లెక్క సరిచూడటం ప్రపంచమంతా పట్టుబట్టి అమలు చెయ్యడం మొదలైంది. ఇక మనుషులెవరూ తొందరపెట్టలేనిది ఇంకొకటుంది, బ్రేకు. ఏ320 బ్రేకులు 300 డిగ్రీలు దాటి వేడిగా ఉంటే టేకాఫ్‌కి వెళ్లకూడదు. వెంటవెంటనే చిన్న దూరాలు తిరిగే విమానానికి మన వేసవి మధ్యాహ్నం పూట మిగతా పనులన్నీ అయిపోయినా బ్రేకు చల్లారే దాకా ఆగాల్సి రావచ్చు.

పది నిమిషాల పాఠం, దాన్ని చదివిన తీరు

వేగం మీద మోజు ఎక్కడిదో తెలియాలంటే చిన్న లెక్క చాలు. గంటా పావు పట్టే ప్రయాణాలు చేసే విమానం ప్రతిచోటా 50 నిమిషాలు ఆగితే, పదహారు గంటల రోజులో ఎనిమిది ప్రయాణాలు చేస్తుంది. అదే 30 నిమిషాల్లో తిరిగి బయల్దేరితే తొమ్మిది చేస్తుంది. అదనపు విమానం కొనకుండానే ఇంకో ప్రయాణం టికెట్ల డబ్బు చేతికొస్తుంది. తొమ్మిది గంటలు ఎగిరే విమానానికి ఈ లెక్క పెద్దగా వర్తించదు. అందుకే ఈ వాదన ఎప్పుడూ చిన్న దూరాల చౌక ఎయిర్‌లైన్ల చుట్టూనే తిరుగుతుంది.

వాళ్లందరూ ఆదర్శంగా చూపేది టెక్సాస్‌లోని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌ని. 1971లో ఎగరడం మొదలుపెట్టిన ఆ సంస్థ, మరుసటి ఏడాదే డబ్బుకి కటకటపడి తన నాలుగు బోయింగ్ 737లలో ఒకటి అమ్ముకుంది. నాలుగు విమానాల టైంటేబుల్‌ని మూడింటితో నడపాలంటే పది నిమిషాల్లో తిప్పి పంపడం తప్ప దారి లేదు. పంపారు. పెద్ద విమానాలు, నిండుగా ప్రయాణికులు వచ్చాక ఆ పది నిమిషాలు సౌత్‌వెస్ట్‌కే సాధ్యం కాలేదు గాని, కథ మాత్రం నిలిచిపోయింది. యూరప్‌లో ర్యానెయిర్ విమానానికున్న మెట్లే దించి, ముందూ వెనకా తలుపులు వాడి, 25 నిమిషాల లెక్క పెట్టుకుంది. మన దేశంలో ఇండిగో మెట్ల బదులు వాలు ర్యాంపులు పెట్టింది, 2022 ఆగస్టులో మూడు తలుపుల నుంచి దించే పద్ధతి ప్రకటించి దానివల్ల ఐదారు నిమిషాలు మిగులుతాయంది.

ఈ పాఠాన్ని చాలామంది తప్పుగా చదివారని నా అభిప్రాయం. అనుకరించినవాళ్లు పది నిమిషాలన్న అంకెను పట్టుకున్నారు, అది ఎలా కుదిరిందో పట్టించుకోలేదు. అమెరికా పరిశోధకురాలు జోడీ హాఫర్ గిట్టెల్ 1990లలో నాలుగు ఎయిర్‌లైన్లకి చెందిన తొమ్మిది కేంద్రాల్లో ఈ పనిని దగ్గరగా చూశారు. ఆలస్యానికి ఏ విభాగం కారణమో తేల్చి నింద వేసే సంస్థల్లో ప్రతి విభాగమూ తన గీత లోపల తాను భద్రంగా కూర్చుంటోంది. సౌత్‌వెస్ట్ అయితే కారణం ఇద్దరి మధ్య ఉంటే ‘జట్టు ఆలస్యం’ అని రాసుకునే వీలు పెట్టింది. ఇంకా ఆశ్చర్యమైన సంగతి, ఒక సూపర్‌వైజర్ కింద మనుషులు తక్కువగా ఉన్నచోటే పని బాగా కుదిరింది. సూపర్‌వైజర్లను తగ్గిస్తే ఖర్చు తగ్గుతుందని నమ్మే యాజమాన్యానికి ఇది మింగుడుపడని ఫలితం. వేగం చేతులు వడిగా ఆడటం వల్ల కాకుండా ఒకరి పని ఒకరికి తెలియడం వల్ల వచ్చిందన్నది ఆమె పరిశోధన సారం.

ఎక్కించే వరస

ప్రయాణికుల్ని ఏ వరసలో ఎక్కించాలన్న దాని మీద జరిగినంత చర్చ మిగతా పనుల మీద జరగలేదు. మనకి కనబడే భాగం అదే కాబట్టి కాబోలు. ఖగోళ శాస్త్రవేత్త జేసన్ స్టెఫెన్ 2008లో లెక్కగట్టి, ఒక్కో వరస విడిచి, కిటికీ సీటు నుంచి మొదలుపెట్టే పద్ధతి చెప్పారు. తర్వాత 72 మందితో బోయింగ్ 757 నమూనాలో చేసిన ప్రయోగంలో, గుంపులు గుంపులుగా వెనక నుంచి ఎక్కిస్తే 6 నిమిషాల 54 సెకన్లు, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కితే 4 నిమిషాల 44 సెకన్లు, స్టెఫెన్ పద్ధతిలో 3 నిమిషాల 36 సెకన్లు పట్టాయి. గుంపుల పద్ధతి కంటే ఏ పద్ధతీ లేకపోవడమే నయమైందన్నమాట. అయినా కుటుంబాలు కలిసి ఎక్కాలి, డబ్బు ఎక్కువిచ్చినవాళ్లు ముందు ఎక్కాలి, పై అరలో చోటు కోసం పోటీ ఉండనే ఉంది. 2023లో యునైటెడ్ కిటికీ, మధ్య, నడవ వరసకి తిరిగి వెళ్లినప్పుడు ఆశించిన లాభం రెండు నిమిషాల లోపే. ఈ చర్చని ఇక్కడితో వదిలెయ్యవచ్చు.

తొందరే ప్రమాదమా?

వేగవాదులకి ఎదురు నిలిచేవాళ్ల మాట సూటిగా ఉంటుంది: నిమిషాలు కోస్తే భద్రత కోసుకుపోతుంది. ఈ మాటకి బలంగా చూపే ప్రమాదాలనే తీసుకుని విప్పి చూస్తే మాత్రం, తొందర ఒక్కటే వాటిని వివరించలేదని తెలుస్తుంది.

1989 మార్చి 10న కెనడాలో ఎయిర్ ఒంటారియో ఫోకర్ ఎఫ్28 విమానం థండర్ బే నుంచి డ్రైడెన్ మీదుగా విన్నిపెగ్‌కి బయల్దేరింది. దాని తోకలోని ఏపీయూ, అంటే నేల మీద కరెంటునీ ఇంజన్ స్టార్ట్‌కి కావలసిన గాలినీ ఇచ్చే చిన్న ఇంజన్, పనిచెయ్యడం లేదు. అది లేకపోయినా ఎగరవచ్చని నియమం ఒప్పుకుంది. థండర్ బేలో అనుకోకుండా ఇంకొంతమంది ప్రయాణికులు చేరారు, బరువెక్కువైంది. మనుషుల్ని దించుదామని కెప్టెన్ అంటే, ఇంధనం దించమని సంస్థ అంది. ఇంధనం తగ్గింది కాబట్టి డ్రైడెన్‌లో మళ్లీ పట్టాలి. డ్రైడెన్‌లో బయటి నుంచి ఇంజన్ స్టార్ట్ చేసే బండి లేదు, ఇంజన్ ఆపితే మళ్లీ రాదు. కాబట్టి ఒక ఇంజన్ తిరుగుతుండగానే, ప్రయాణికులు లోపల ఉండగానే ఇంధనం పట్టారు. అదే సమయంలో మంచు పడుతోంది. ఇంజన్లు తిరుగుతుండగా రెక్కల మీద మంచు కరిగించే మందు చల్లకూడదని సంస్థ నియమం. చల్లలేదు. ఆపైన చిన్న విమానమొకటి దిగే దాకా రన్‌వే దగ్గర ఆగాల్సి వచ్చింది, మంచు ఇంకాస్త పేరుకుంది. టేకాఫ్ తీసుకున్న విమానం ఎత్తు అందుకోలేక చెట్లలో పడింది. 69 మందిలో 24 మంది చనిపోయారు.

ఇక్కడ తొందర ఉంది, నిజమే. అయితే ప్రతి మెట్టునీ విడిగా చూడండి: ఏపీయూ లేకుండా పంపడం నియమం ప్రకారమే, మందు చల్లకపోవడమూ నియమం ప్రకారమే. ఒక్కో విభాగం తనకి తెలిసినంతలో తప్పు చెయ్యలేదు. ఈ రెండు నియమాలూ ఒకే బే దగ్గర కలిస్తే ఏమవుతుందో చూడాల్సిన మనిషి ఎవరూ లేరు. జస్టిస్ వర్జిల్ మొషాన్‌స్కీ కమిషన్ పైలట్ తప్పు దగ్గరే ఆగకుండా మొత్తం వ్యవస్థని తప్పుపట్టి 191 సిఫార్సులు చేసింది అందుకే.

ఆరేళ్ల ముందు ఎయిర్ కెనడా బోయింగ్ 767 గాల్లో ఇంధనం అయిపోయి గిమ్లీలో గ్లైడర్‌లా దిగిన ఉదంతం ఇంకా స్పష్టమైనది. ఇంధనం మీటర్లు పనిచెయ్యక పుల్లతో కొలిచారు. ట్యాంకుల్లో 7,682 లీటర్లున్నాయి, కావలసింది 22,300 కిలోలు. లీటరుని కిలోలోకి మార్చడానికి 0.8 వాడాల్సిన చోట, పౌండ్లకి వాడే 1.77తో గుణించారు. ఇరవై వేల లీటర్ల పైన పట్టాల్సింది పోయి 4,916 లీటర్లు పట్టి పంపారు. గుణకారం తప్పడం పైకి కనబడే తప్పు. దాని కింద ఉన్నది మరొకటి: పాత విమానాల్లో ఈ లెక్క ఫ్లైట్ ఇంజనీర్‌ది. కొత్త 767లో ఆ ఉద్యోగమే తీసేశారు. లెక్క ఎవరిదో మాత్రం తేల్చి చెప్పలేదు. నేల మీదివాళ్లు పైలట్లదనుకున్నారు, పైలట్లు నేల మీదివాళ్లదనుకున్నారు. ఆ రోజు పది నిమిషాలు ఎక్కువిచ్చినా అదే తప్పు లెక్క ఇంకాస్త నింపాదిగా చేసి ఉండేవాళ్లు.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది. ఇవి అరుదైన ఘోరాలు, రోజూ జరిగే నష్టం వేరే కదా అని. నిజమే, రోజూ జరిగేది బెల్ట్ లోడర్ తగలడం, మెట్ల బండి గీరుకోవడం. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా 2022లో చెప్పిన దాని ప్రకారం బెల్ట్ లోడర్లు, కార్గో లోడర్లు, మెట్ల బండ్లు, ఏరోబ్రిడ్జీలు కలిసి తమకి అందిన ఘటనల్లో 40 శాతానికి కారణం, నేల మీద విమానాలకయ్యే నష్టం ఖర్చు 2035 నాటికి ఏడాదికి దాదాపు వెయ్యి కోట్ల డాలర్లకి చేరవచ్చు. ఆ జాబితాను మళ్లీ చదవండి. నాలుగూ విమానానికి వచ్చి ఆనుకునే వస్తువులే. బండికీ విమానానికీ మధ్య ఉన్నదీ అలాంటి అతుకే.

ఎవరి మనుషులు?

ఈ పని బయటివాళ్లకిచ్చే పద్ధతికి యూరప్‌లో 1996 నాటి ఆదేశం తలుపులు తెరిచింది, పెద్ద విమానాశ్రయాల్లో ఒక్క సంస్థ గుత్తాధిపత్యం ఉండకూడదంది. మన దేశంలో నడక అటూ ఇటూ సాగింది. 2007 విధానం హైదరాబాద్‌తో సహా ఆరు మెట్రో విమానాశ్రయాల్లో ఈ పని ఎవరు చెయ్యవచ్చో కుదించింది, ఎయిర్‌లైన్లు కోర్టుకెళ్లాయి, 2016 జాతీయ పౌర విమానయాన విధానం దేశీయ ఎయిర్‌లైన్లు తమ పని తాము చేసుకోవచ్చని తేల్చింది. 2025 మేలో ఈ పని చేసే టర్కీ సంస్థ చెలెబీకి భద్రతా అనుమతి రద్దయినప్పుడు, శంషాబాద్‌తో కలిపి తొమ్మిది విమానాశ్రయాల్లో రాత్రికి రాత్రి పని వేరే చేతుల్లోకి మారాల్సి వచ్చింది. ఎవరి జీతం అన్న ప్రశ్న దేశ భద్రత దాకా పోయిన సందర్భమిది.

కాంట్రాక్టు వద్దనేవాళ్లు 2005 డిసెంబరు 26 నాటి అలాస్కా ఎయిర్‌లైన్స్ ఉదంతం చూపుతారు. ఆ సంస్థ సియాటిల్‌లో ర్యాంప్ పనిని, అంటే విమానం నిలిపే చోట జరిగే పనిని, ఆ ఏడాదే బయటివాళ్లకిచ్చింది. ఒక పనివాడు బండితో ఎండీ-83 పొట్టకి తగిలించాడు, ఎవరికీ చెప్పలేదు. 26,000 అడుగుల ఎత్తులో అక్కడ అడుగు పొడవున చిరిగి క్యాబిన్ గాలి పోయింది. అందరూ బతికారు. అవతలి పక్షం 2015 డిసెంబరు 16న ముంబైలో జరిగింది చూపుతుంది: హైదరాబాద్‌కి బయల్దేరుతున్న ఎయిర్ ఇండియా విమానం, పుష్‌బ్యాక్ తర్వాత నేల మీది మనుషులు పూర్తిగా పక్కకి తప్పుకోకముందే కదిలింది, ఒక టెక్నీషియన్ ఇంజన్‌లోకి లాగబడి చనిపోయాడు. అక్కడున్నది ఎయిర్ ఇండియా సమూహానికి చెందిన మనుషులే. రెండు ఉదంతాలూ పక్కపక్కన పెడితే యజమాని పేరు దేన్నీ వివరించడం లేదు. మొదటి దాంట్లో తగిలిందన్న మాట ఎవరికీ చేరకపోవడం, రెండో దాంట్లో ‘పక్కకి తప్పుకున్నాం’ అన్న కబురు కాక్‌పిట్‌కి చేరిందో లేదో ఖాయం చేసుకోని అలవాటు. కాంట్రాక్టు వల్ల నష్టం ఉంటే అది ఇక్కడే: వేలంలో తక్కువ రేటుకి వచ్చిన సంస్థలో మనుషులు నిలవరు, నిలవని చోట ఒకరి సైగ ఒకరికి అలవాటు కాదు. 2022 వేసవిలో హీత్రో రోజుకి లక్ష మందికి మించి బయల్దేరే ప్రయాణికుల్ని తీసుకోనని చెప్పాల్సి రావడం, కోవిడ్‌లో పంపేసిన చేతుల అనుభవానికి కట్టిన వెల. కొత్తవాళ్లని తీసుకోవడానికి డబ్బుంది, వాళ్లకి ఆ పని పట్టుబడటానికి పట్టే నెలలు లేవు.

కెమెరా చూస్తే సరిపోతుందా?

ఇప్పుడు బే పైన కెమెరాలు పెట్టి, ఇంధనం బండి ఎప్పుడొచ్చింది, హోల్డు తలుపు ఎప్పుడు మూశారు అన్నది కంప్యూటరే రాసుకునే ఏర్పాట్లు వస్తున్నాయి. యూరప్‌లో మ్యూనిక్ 2007లో మొదలుపెట్టిన పద్ధతిలో విమానం ఎన్నింటికి సిద్ధమవుతుందో ఎయిర్‌లైన్, విమానాశ్రయం, ఏటీసీ ఒకే లెక్క చూసుకుంటాయి. ముందు ప్రయాణం ఆలస్యం తర్వాతిదాని మీద పడే తీరు తెలిసినవాళ్లెవరూ దీని విలువ కాదనరు. ఐయాటా ఆలస్యాల కోడ్‌లలో 93 అంటేనే ‘విమానం ముందు ప్రయాణం నుంచి ఆలస్యంగా వచ్చింది’ అని.

అయినా సమాచారం ఉండటం ఒకటి, దాన్ని బట్టి ఆగడం వేరొకటి. 2022 డిసెంబరు 31న అమెరికాలో మాంట్‌గోమరీ విమానాశ్రయంలో ఒక ఎంబ్రేయర్ విమానం ఏపీయూ పనిచెయ్యక, ఇంజన్ తిరుగుతుండగానే బే దగ్గర నిలబడింది. ఇంజన్ ఆగే దాకా దగ్గరికి పోవద్దని నేల మీది జట్టుకి అంతకుముందే రెండుసార్లు చెప్పారు. అయినా ఒక ఉద్యోగి వెళ్లి ప్రాణం పోగొట్టుకుంది. ఆమెకి సమాచారం అందలేదనడానికి లేదు. రోజుకి ఎన్నోసార్లు అలవాటైన వరస, ఆ రోజు ఒక్కసారి వేరుగా ఉంది. కెమెరా ఆ తేడాను పసిగట్టగలదేమో గాని, ఆ క్షణంలో మనిషి కాలు ఆపగలిగేది పక్కనున్న మనిషి కేకే.

పక్కపక్కన పెడితే

వేగవాదులు చెప్పే ఆర్థిక లెక్క సరైనదే, దాన్ని సాధించే దారి గురించే వాళ్లు పొరబడ్డారు. తీరికవాదులు ప్రమాదాన్ని సరిగానే చూశారు గాని, ఉత్త నిమిషాలు పెంచితే గిమ్లీ ఆగేది కాదు. సొంత మనుషులే కావాలనేవాళ్లు మనుషులు నిలకడగా ఉండాలన్నంతవరకు సరైన మాటే చెప్పారు. కాంట్రాక్టులో కూడా ఆ నిలకడ తేగలిగితే వాళ్ల వాదన సగం పోతుంది. యంత్రవాదుల చేతిలో ఉన్నది మంచి పనిముట్టు, నిర్ణయం చేసే అధికారం దానికెవరూ ఇవ్వలేదు.

తేలనివి

మొదటిది నష్టం లెక్క. కొత్త విమానాల్లో ఒళ్లు కాంపోజిట్‌ది, బండి తగిలితే పైకి సొట్ట కనబడకుండానే లోపల పొర విడిపోవచ్చు. చెప్పినవాడే శిక్ష పడేవాడైతే ఆ లెక్క ఎప్పటికీ రాదు. రెండోది నియంత్రణ. ఇన్నేళ్లూ ఎయిర్‌లైన్ భుజాల మీదుగా మాత్రమే చూసిన, నేల మీది ఈ పనులు చేసే సంస్థల్ని నేరుగా పర్యవేక్షించే యూరప్ నిబంధనలు 2025లో వెలువడ్డాయి, 2028 మార్చి నుంచి అమలవుతాయి. ధ్రువపత్రాల ఫైళ్లు పెరుగుతాయన్నది ఖాయం, అతుకులు బిగుస్తాయా అన్నది చూడాలి. మూడోది అన్నిటికంటే కష్టమైనది, ఆపే హక్కు. చాలా సంస్థల మాన్యువళ్లలో ర్యాంప్ మీద ఎవరైనా పని ఆపవచ్చనే రాసి ఉంటుంది. ఆపినవాడి పేరు మీద ఎనిమిది నిమిషాల ఆలస్యం పడుతుందన్నది మాన్యువల్‌లో ఉండదు.

డ్రైడెన్ విచారణలో బయటపడిన ఒక వివరం ఈ ప్రశ్నకి దగ్గరగా ఉంది. ఆ విమానంలో ప్రయాణికులుగా కూర్చున్నవాళ్లలో ఇద్దరు వృత్తి పైలట్లున్నారు. రెక్కల మీద మంచు వాళ్లు చూశారు, ఎయిర్‌హోస్టెస్ కూడా చూసింది. పైలట్లకి ఈపాటికే తెలిసి ఉంటుందని వాళ్లనుకున్నారు. ఇలాంటివి కాక్‌పిట్‌కి చెబితే ఎలాంటి జవాబు వస్తుందో ఆమెకి అంతకుముందే అనుభవం.